దుప్పటి కప్పని నల్లాకు పొద

కాలవ అడుగు దాకా గడ్డకట్టిన ఆ చలికాలం దాటాక, పైన ఒక్క కొమ్మ కప్పకుండా, మొదట్లో గుప్పెడు గడ్డి పరవకుండా నిలబడ్డ పొద ఒకటి చిగురేసింది. బాగా మగ్గిన చెర్రీ పండు రంగు చిగురు. అదే మా మరదలు టెల్సె మొదటి గెలుపు.

తర్వాత చాలా వచ్చాయి. మా బడి కంచె వెంట ఉన్నవి ఆమె పొదలే. స్మశానం గోడ పక్కనా, పడవల రేవు గట్టు మీదా అవే. జిల్లా తోటల సంఘం ఇచ్చిన వెండి బిళ్ళ మా గడియారం పక్కన వేలాడుతోంది. హాంబర్గ్ నుంచి జనం మా తోట పేరు అడుక్కుంటూ వస్తారు. అయినా ఆ ఒక్క పొద ముందు ఇవన్నీ దిగదుడుపే.

టెల్సె మా తమ్ముడు యోర్న్‌ని చేసుకుని వచ్చేనాటికి మా తోటలో కంచె మొక్కలు తప్ప వేరే ఊసు లేదు. ఆమె చల్లిన విత్తనాల్లో ఒక మొలక నల్లటి ఆకులతో లేచింది. దాని కొమ్మలు గుచ్చి ఒక వరస పెంచింది, చోటు చాలక ఒకటి కాలవకి అవతల నాటింది. మీ మొక్కలకి తెగులు పట్టిందా అని ఊళ్ళోవాళ్ళు నన్ను పరామర్శించేవారు. నల్లాకు చలికి ఆగదనీ, గులాబీలకి కప్పినట్టు దేవదారు కొమ్మలు కప్పి తీరాలనీ మా వైపు నమ్మకం.

కప్పితేనే బతికే పొదని అమ్మడం నాకిష్టం లేదు. ఒక్క చలికాలం ఏమీ కప్పకుండా బతికితే ఆ నేల చెక్క నీది, లేకపోతే ఈస్టర్ కాగానే దున్నేసి కంచె మొక్కలు వేస్తానని చెప్పాను.

"నాగలికి నూనె రాసి దాచుకోండి బావగారూ. ఈ ఏడు దానికి పని లేదు," అంది.

జూలై దాటాక ఎరువు ఆపేసింది. ఆలస్యంగా లేచిన లేత కొమ్మ ముదరకముందే మంచు కొట్టేస్తుందని ఆమెకి తెలుసు. నీడలో నల్లాకు పచ్చబడిపోతుందని పక్కనున్న చెట్ల కొమ్మలు కూడా కొట్టించింది.

జనవరిలో టెల్సె, యోర్న్ ఆమె పుట్టింటికి వెళ్ళారు. అదే వారంలో చలి విరుచుకుపడింది. మంచు తగిలిన ఆకుకూర తియ్యగా అవుతుందని మా అమ్మ వీబ్కె కుండెడు వండి, పొగబెట్టిన మాంసం ముక్కలు వేసి బల్ల మీద పెట్టింది గానీ తనకి మాత్రం ముద్ద దిగలేదు. బయట పిల్లలు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడితే నేనెలా తినేదని లేచి వెళ్ళి, వరస మొత్తానికి గడ్డి పరిచి, దేవదారు కొమ్మలు కప్పేసింది. కాలవకి అవతల ఒక్క పొద మిగిలింది. కాలవ దాటే పలక మంచుకి జారుతోందని అటు వెళ్ళలేదు.

టెల్సె వచ్చి ఒక కొమ్మ ఎత్తి చూసింది. తర్వాత అడిగింది: "అత్తా, వీటికి మేజోళ్ళు అల్లలేదేం?"

"ఊలు అయిపోయింది," అంది అమ్మ.

అంత చలిలో కప్పు తీస్తే ఇంకా ముప్పు. అందుకని అలాగే ఉంచాం. కప్పినవి పందెంలో లెక్కకి రావని నేను అన్నాను. ఇక టెల్సె ఆశంతా కాలవ అవతలి పొద మీదే.

మార్చిలో కొమ్మలు ఎత్తితే, వెచ్చటి గడ్డిలో ఎలకలు కాపురాలు పెట్టి ప్రతి కాండం చుట్టూ బెరడు కొరికేసి ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు. టెల్సె ఒక్కొక్క కాండమూ తడిమి చూసింది. అమ్మ రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు.

ఈస్టర్ ముందు శనివారం ఊరంతా కలిసి పెద్ద మంట వేస్తాం. ఆ దేవదారు కొమ్మలన్నీ దానికే ఇచ్చాం. ఆఖరి మోపు పలక మీదుగా ఈడ్చుకెళ్తూ టెల్సె అవతలి గట్టు మీద ఆగిపోయింది. మోపు కాలవలో పడింది. మేం పరుగెత్తాం.

"బావగారూ, నాగలికి నూనె రాశారా?" అంది. కొమ్మ కొమ్మకీ చిగురు.

ఆ మాటకి ముందుగా తేరుకున్నది మా అమ్మే. "ఎలకలకి ఇక్కడ నేను విందు పెట్టబట్టే అవి అటు పోలేదు," అంది. టెల్సె ఆమెని పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చెక్క ఆమెదయింది. ఇప్పుడు మా దగ్గరున్న ప్రతి నల్లాకు పొదా ఆ ఒక్కదాని కొమ్మే.

ఇది జరిగి ముప్పై ఏళ్ళు. ఇప్పుడు టెల్సె స్వీడన్ ఉత్తరాన ఊమెఓ పట్టణంలో ఉంది. అక్కడి వీధుల వెంట నాటిన మా పొదలు తొలి చలికాలం ఎలా గడిపాయో చూడ్డానికి వెళ్ళింది. మొన్న ఫోన్ చేసి, గోటితో గీరితే బెరడు కింద పచ్చగా ఉందని చెప్పింది. తొంభై మూడేళ్ళ మా అమ్మ ఫోన్ లాక్కుని, అక్కడెవరూ ఏమీ కప్పలేదు కదా అని అడిగింది.

మంచు కొట్టే ఆఖరి రోజని మావాళ్ళు నమ్మే చలి సోఫీ రోజు దాటితే గానీ మా వైపు లేత మొక్కల కుండీలు బయట పెట్టం. ఈసారి అవన్నీ టెల్సె చేతి మీదుగానే బయటికి రావాలని అమ్మ పట్టుబట్టింది. టెల్సె రైలు వచ్చేది ఆ సాయంత్రమే, మే పదిహేనున.