మా తాత లేవని సాయంత్రం

మా చిన్నప్పుడు... స్కూటర్ చప్పుడు వినపడితే మా వీధి మొత్తం లేచి నిలబడేది. మంచాల మీద ఉన్నవాళ్ళు, అరుగుల మీద ఉన్నవాళ్ళు, అన్నం తింటున్నవాళ్ళు కూడా... ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని మరీ.

ఆ స్కూటర్ ఊళ్ళో పెద్ద ఆసామిది. మాది ఊరి చివర పేట. చిన్న చర్చి, దాని చుట్టూ కూలి చేసుకునేవాళ్ళ ఇళ్ళు. ఆయన మిరపచేలకు దారి మా వీధిలోంచే. సాయంత్రం పూట వచ్చి, మర్నాడు కోతకు ఎవరెవరు రావాలో బండి దిగకుండానే చెప్పి పోయేవాడు.

తొంభైల చివరి మాట ఇది. మా అమ్మానాన్నలు మార్టూరులో రాళ్ళ పాలిష్ పనికి పోయి అక్కడే ఉండేవాళ్ళు. నేను తాత, నాయనమ్మల దగ్గర పెరిగాను. తాత పేరు ఏసోబు. పొద్దంతా మిరపచేలో నడుం వంచి, ఇంటికొచ్చి నులక మంచం మీద కూర్చోగానే "అబ్బ..." అనేవాడు. ఆ ఒక్క మాటలో ఎంత సుఖముండేదో! అది వినపడ్డాకే నేను పోయి ఒళ్ళో వాలేదాన్ని.

ఒకరోజు నా కాల్లో తుమ్మముల్లు దిగింది. తాత నా మడమను ఒళ్ళో పెట్టుకుని, జిల్లేడుపాలు రాసి, నాయనమ్మ గాజుకి ఉండే పిన్నీసు అడిగి తీసుకున్నాడు. నేను ఏడవకుండా చర్చి పాటేదో గొణుగుతూనే ముల్లు తీశాడు. గోటి మీద పెట్టి చూపించాడు... ఇంతదానికా అంత ఏడుపు అని.

అప్పుడే స్కూటర్ మలుపు తిరిగింది.

వీధి లేచింది. తాత లేవలేదు. నా పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, మెల్లగా ఊదుతూ... కూర్చునే ఉన్నాడు.

ఆసామి బండి ఆపాడు. తాత వైపు చూశాడు. కూలీలను కూడేసే మరియమ్మ పిన్ని కంగారుగా ముందుకొచ్చి, పిల్ల కాల్లో ముల్లు దిగిందండీ, తీస్తున్నాడండీ అని సర్దబోయింది. బండి కదిలి పోయింది.

మర్నాడు పొద్దున కూలీలను చేలకు తీసుకుపోయే ట్రాక్టర్ వచ్చింది. తాతనీ నాయనమ్మనీ ఎక్కించుకోవద్దన్నారట. మిరపకోతలే మా ఇంటికి వానాకాలం దాకా తిండి. పిన్నే ఒక దారి చెప్పింది. కళ్ళం దగ్గరికి వచ్చి, ముల్లు తీస్తూ లేవలేకపోయానని ఒక్క మాట అంటే చాలట. ఆయన వినడానికి సిద్ధంగానే ఉన్నాడట.

నాయనమ్మ బతిమాలింది. "అబద్ధం కూడా కాదు కదయ్యా... ముల్లు దిగిన మాట నిజమేగా."

తాత ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను బాగానే ఎదిగినదాన్ని, అయినా కాలు నొప్పి కదాని భుజాన ఎక్కించుకుని బయలుదేరాడు.

కళ్ళం నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు... ఆ ఘాటుకి నాకు ఒకటే తుమ్ములు. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆసామి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా నాన్న ఈడువాడు.

"ఏరా ఏసోబూ, మనవరాలికి ముల్లు గుచ్చుకుందంటగా?" అన్నాడు. నవ్వుతూనే.

"గుచ్చుకుందండి. తమరు వచ్చేసరికే తీసేశానండి."

"మరి?"

"కూర్చోవాలనిపించిందండి."

నా కాళ్ళు పట్టుకున్న తాత చేతులు వణుకుతున్నాయి... నాకు తెలుస్తూనే ఉంది.

"అయితే ఇంటికాడే కూర్చో," అన్నాడు ఆసామి.

తిరిగొస్తూ తాత నన్ను భుజం మీద సర్దుకున్నాడు. కాలవ దాటాక నెమ్మదిగా అన్నాడు, "చూశావా తల్లీ... ఆయనే కూర్చోమన్నాడు."

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఇంట్లో నాయనమ్మ నవ్వలేదు.

ఆ వేసవంతా ఇద్దరూ బస్సెక్కి పర్చూరు వైపు పొగాకు పనికి పోయారు. నాయనమ్మ దారి పొడుగునా తిడుతూనే ఉండేదట. కానీ ఇంటి దగ్గరున్న రోజు స్కూటర్ చప్పుడైతే మాత్రం, చేట పట్టుకుని గబగబా లోపలికి పోయేది. కూర్చునే ధైర్యం చాలదు... నిలబడే మనసూ రాదు.

ఇక్కడ రోజూ పోస్టులు చూస్తున్నాను. ఆ రోజుల్లో పెద్దలంటే ఎంత గౌరవమో, ఈ తరానికి మర్యాదే లేదు అని. ఎవరి పెద్దలండీ? అరవై దాటిన మనిషి కొడుకు వయసువాడిని చూసి లేచి నిలబడాలి. వాడు 'ఏరా' అంటే ఈయన 'అండీ' అనాలి. దాన్నా గౌరవం అంటున్నారు? ఆ రోజులు మీకు అంత తీయగా గుర్తున్నాయంటే మీరు ఆ స్కూటర్ మీద ఉన్నారని అర్థం... కనీసం వెనక సీట్లో.

తాత గురించి రాస్తూ కులం ఎందుకు తెచ్చావని అడిగేవాళ్ళు ఎలాగూ వస్తారు. నేను తేలేదు బాబూ... అదే బండెక్కి మా వీధిలోకి వచ్చింది.

నేను మీటింగుల్లో గొంతు చించుకుంటాను, కామెంట్లలో తెల్లార్లూ పోట్లాడతాను. తాత ఏనాడూ గొంతు పెంచలేదు. నాకు కూర్చోబెట్టి ఏ పాఠమూ చెప్పలేదు. ఈ అరుపు నాయనమ్మది అయ్యుంటుంది... అరిచేటప్పుడు కాళ్ళు వణికినా వెనక్కి పోకపోవడం మాత్రం ఆయనదే.

మొన్న ఊరెళ్ళాను. మా వీధి పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కనుంచి పెద్ద కారు ఒకటి పోయింది. ఒక్కరూ తలెత్తలేదు. ఎందుకు ఎత్తాలో కూడా వాళ్ళకి తెలియదు...

చూడ్డానికి తాత లేడు.

మీ ఇంట్లోనూ అలా మొదట లేవని మనిషి ఒకరు ఉండే ఉంటారు. తాతో, అమ్మమ్మో, మేనత్తో... వాళ్ళ గురించి కింద రాయండి. తీపి జ్ఞాపకమే కానక్కర్లేదు.