పొద్దుటేళ సంజెదీపం

మా సెక్టర్ ఆరు వీధి చివరి క్వార్టర్లో ఉండే వైద్యులు తాతగారు పోయిన వారం కన్నుమూశారు. తెల్లవారుజామున మంచినీళ్ళు అడిగి, తాగి, మళ్ళీ పడుకున్నారట. కోడలు కాఫీ పట్టుకెళ్ళేసరికి లేరు. భిలాయిలో ఆయుర్వేదం తెలిసినవాళ్ళు ఇంకా ఉంటారు. తాను కట్టిన సంస్కృత శ్లోకం వింటే గాని మందు పొట్లం చేతిలో పెట్టని వైద్యుడు మాత్రం ఇక లేరు.

ఆయనది విజయనగరం వైపు. కొడుక్కి ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వస్తే మందు నూరే కల్వంతో సహా వచ్చేశారు. క్వార్టర్ వరండాయే వైద్యశాల. మనవాళ్ళు తాతగారనేవారు, హిందీవాళ్ళు వైద్‌జీ అనేవారు. శ్లోకం దగ్గర మాత్రం అందరిదీ ఒకటే కష్టం. కల్వంలో మందు నూరుతూ ఆ లయలోనే కొత్త శ్లోకం చదివేవారు. రోగులు దగ్గు ఆపుకుని తలలూపేవారు. ఎవరైనా ఊపకపోతే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవారు. శ్లోకం వినేవాడికి సగం మందే చాలని ఆయన మాట. అలాగని మోతాదు ఎప్పుడూ తగ్గించలేదు లెండి.

మా నాన్నకు బ్లాస్ట్ ఫర్నేసులో పని. షిఫ్టులు మారి మారి నిద్ర పూర్తిగా పోయింది. నైట్ డ్యూటీ దిగి వచ్చి మంచం మీద దొర్లడమే. ఒకసారి కరిగిన ఇనుము పారే కాలువ పక్కన నిలబడే కునికారు. పక్కాయన చొక్కా పట్టి లాగాడు గనక బతికారు. ఆ సంగతి తెలిశాక అమ్మకీ నిద్ర పట్టలేదు. నాన్నను తాతగారి దగ్గరికి తీసుకెళ్ళింది.

నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాళ్ళ నాడి ఆయన చూసేవారు కాదు. అలసిన నాడి అబద్ధం చెబుతుందని, పడుకుని లేచి రమ్మని పంపేసేవారు. ఆ పడుకోవడమే కుదరడం లేదని అమ్మ మొత్తుకుంది. మర్నాడు నాన్న డ్యూటీ నుంచి వచ్చే వేళకి ఆయనే మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. నాన్న సైకిల్ దిగారు. అమ్మ చిక్కటి టీ, వేడి ఇడ్లీలు తెచ్చింది. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, రేడియో మోగుతోంది.

"అమ్మా, నువ్వు ఇతనికి తెల్లారుస్తున్నావు," అన్నారు తాతగారు. "ఇతనికి ఇప్పుడు రాత్రవుతోంది. సంజెదీపం పెట్టు. మజ్జిగన్నం పెట్టు."

అమ్మ బిక్కమొహం వేసింది. "పొద్దుటేళ సంజెదీపమా? శాస్త్రం ఒప్పుతాదేటి తాతగారూ?"

మా పక్కింటి హిందీ దీదీ రోజూ అనే సామెత ఒకటుంది, లేచినప్పుడే తెల్లారినట్టు అని. తాతగారు దాన్నే అక్కడికక్కడ సంస్కృతం చేసి వదిలారు: "యదా ప్రబోధస్తదైవ ప్రాతః. లేచినప్పుడే పొద్దయితే, పడుకునేప్పుడే సంజె. ఇదిగో, శాస్త్రం."

అమ్మ తల ఊపింది. ఊపక చస్తుందా.

ఆ రోజునుంచి నైట్ షిఫ్ట్ వారమంతా మా కిటికీలకు దుప్పట్లు, దేవుడి దగ్గర దీపం, నాన్న అరికాళ్ళకు తాతగారు కాచిన నూనె. వీధంతా నవ్వింది. అమ్మకు మతిపోయిందన్నవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళకు నాన్న గురక వినబడింది. ఆ గురక విని అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. తరవాత ఆ నవ్వినవాళ్ళ ఇళ్ళలోనూ పొద్దుటి దీపాలు వెలిగాయి. నాన్న మాకు దక్కారంటే అది ఆయన చలవే. ఈ మాట ఆయన ఉండగా చాలాసార్లు చెప్పాం, ఆయనేమో శ్లోకం బాగుందా లేదా అదే అడిగేవారు.

తాతగారు పోయిన రోజు నాన్నకు నైట్ షిఫ్టే. పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే ప్లాంటు గేటు దగ్గరే కబురు తెలిసి, ఇంటికి రాకుండా సైకిల్ అటే తిప్పారు. అప్పటికే అమ్మా నేనూ అక్కడున్నాం. వరండాలో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం, గోడవార కల్వం. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయారని కొడుకు కుమిలిపోతున్నాడు. నాన్న ప్లాంటు బట్టలతోనే కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఎండలో వెలుగుతున్న ఆ దీపాన్ని చూసి, మసి చేతులతోనే ఆయన అరికాళ్ళు నిమిరారు.

"పడుకోనీండి బాబూ," అన్నారు. "డూటీ దిగినారు."

ఎండ తాతగారి మొహం మీదికి వస్తోంది. అమ్మ లేచి వరండా తెర దింపింది.