మైమూనా ఆపా జాగా

చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల్లో సాయంత్రం పూట లోబాన్ పొగ తిప్పుతుంటారు. ఆ సాంబ్రాణి వాసన తగిలితే ఇప్పటికీ నా వెన్నులో చలి పుడుతుంది. ఆ వాసనకు నలుగురూ హాయిగా కళ్లు మూసుకునే చోట నేను మాత్రం పక్కన ఎవరైనా కూర్చున్నారేమోనని చూసుకుంటాను.

మా గల్లీని ఆనుకునే హబ్షీల గల్లీ ఉండేది. నిజాం కొలువులో సిపాయిలుగా పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు వాళ్లు. పెళ్లిళ్లలో వాళ్ల మర్ఫా దరువు మొదలైతే మేం ఆడుతున్న గచ్చకాయలు అక్కడే పారేసి ఉరికేవాళ్లం, రంజాన్ వస్తే ఆ గల్లీలో ఉండే జైనబ్ ఖాలా పంపే షీర్ ఖుర్మా కోసం గిన్నె కడిగి పెట్టుకునేవాళ్లం. లోకం మురిపెం అంతవరకే. పండగకు వాళ్ల దరువు కావాలి గానీ, పని ఇవ్వడానికీ ఇల్లు అద్దెకివ్వడానికీ వాళ్ల నలుపు అడ్డొచ్చేది. అందుకే ఆ ఆడవాళ్లంతా కలిసి ఒక జమాత్ పెట్టుకున్నారు. ముందు నిలబడింది జైనబ్ ఖాలా అక్క, మైమూనా ఆపా.

వాళ్ల పోరాటంలో అరుపులుండవు. అన్యాయం చేసిన ఆఫీసు ముందు జంపఖానా పరిచి, పెదవి విప్పకుండా కూర్చునేవారు. వరసలో చనిపోయిన మనిషి జాగా ఖాళీగా ఉంచి, ముందు లోబాన్, గ్లాసెడు నీళ్లు పెట్టేవారు. తెలియక ఎవరైనా ఆ జాగాలో కూర్చుంటే లేపకూడదు. పొద్దుగూకేదాకా పోయిన మనిషి తిరిగొచ్చినట్టే లెక్క.

ఆ ఎండాకాలం నీళ్ల పైపులైను మా గల్లీదాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ల గల్లీకి చుక్క లేదు. అప్పటికే మైమూనా ఆపా పోయింది. మిగిలినవాళ్లు నీళ్ల ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. అమ్మ నాతో ఖిచిడీ గిన్నె మోయించుకుని అక్కడికి తీసుకెళ్లింది. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి, కనబడిన ఖాళీలో కూలబడి, ఎదురుగా ఉన్న నీళ్లు గటగటా తాగేశాను.

ఎవరూ కసరలేదు. వరసంతా మెల్లగా నావైపు తిరిగింది. నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడే జైనబ్ ఖాలా, నెరిసిన తల వంచి, చిన్నపిల్లలా ఉర్దూలో అడిగింది.

"ఆపా, ఉఠ్‌కే ఘర్ జానా క్యా?"

లేచి ఇంటికి పోదామా అని. ఇళ్లల్లో పిల్లలు నీళ్లకు ఏడుస్తున్నారని, ఓపిక చచ్చి ఆ పూటే లేచిపోదామనుకున్నారని అమ్మ తర్వాత చెప్పింది. అవేవీ తెలియకుండానే నా నోరు తెరుచుకుంది.

"నక్కో," అన్నాను. వద్దు.

ఒక్కరూ కదల్లేదు. కొన్నాళ్లకు వాళ్ల గల్లీలో నల్లా పడింది. నేను ఆ జాగాలో కూర్చున్న రోజు సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ నాకు దిష్టి తీసి, ఒకటే మాట అంది.

"అది నీ గొంతు కాదే, బిడ్డా."

నాకూ అదే అనుమానం, ఇప్పటికీ.

మొన్న ఒక ఫంక్షన్ హాల్లో ఆ జమాత్‌ను తలుచుకుంటూ సభ పెట్టారు. జైనబ్ ఖాలా కూడా లేదు, ఆ గల్లీలో ఇప్పుడు సెల్‌ఫోన్ దుకాణాలు. ఎవరికోసమూ ఖాళీ జాగా ఉంచలేదు. ఫ్లెక్సీ మీద వాళ్ల ముఖాలను అసలు రంగు కంటే తెల్లగా చేసి పెట్టారు. ఒళ్లు మండింది. వాళ్ల గౌరవార్థం అందరూ లేచి నిలబడి మౌనం పాటించాలని మైకులో చెప్పారు. హాలంతా లేచింది. పక్కావిడ నా భుజం తట్టి, లేవకపోతే బాగుండదంది.

నిజంగానే లేవబోయాను. ఆపా లేవనివ్వలేదు.