రిహార్సల్ మంత్రి

మా బడి అటెండరు నోట్లో నాలుక లేని మనిషి. గంట కొట్టడం, ఫైళ్ళు మోయడం, ఎవరేమన్నా "అట్లాగేనండీ" అనడం, అంతవరకే ఆయన మాకు తెలుసు. మనిషి మాత్రం భారీగా, గుబురు మీసంతో, బొజ్జతో ఉండేవాడు. ఆ బొజ్జే ఆయన్ని మంత్రిని చేసింది.

మంత్రిగారు బళ్ళు తిరిగి పిల్లలతో మాట్లాడుతున్నారనీ, మా బడికీ వస్తారనీ కబురొచ్చింది. అప్పటికే ఎనిమిది నుంచి పది దాకా తరగతులు ఎత్తేసి, హైవే అవతలి పెద్ద బడిలో కలిపేస్తారని అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. మా హెడ్మాస్టరుకి ఓ ఆలోచన తట్టింది.

"మనం అర్జీ పెడితే బుట్టలో పడుతుంది. కెమెరాల ముందు ఓ పిల్ల లేచి అడిగిందనుకోండి, కాదనలేడు," అన్నాడు.

అడగడానికి ఏడో తరగతిలో గడగడా మాట్లాడే పిల్లను ఎంచాడు. అటెండరు కూతురే. తరగతులు పోతే ముందు మునిగేది కూడా ఆ పిల్లే. హైవే అవతలికి బస్సు లేదు. వాళ్ళమ్మ బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ఇక్కడ చదువు ఆగితే పిల్లను తనతోపాటు మిషను మీద కూర్చోబెడతానని ఆవిడ ముందే తేల్చి చెప్పేసింది.

రిహార్సల్‌కి మంత్రి కావాలి కదా. అటెండర్ని కుర్చీలో కూర్చోబెడితే మొదటిరోజంతా నీళ్ళు నమిలాడు. మర్నాడు నోరు విప్పాడు. "అన్నం తిన్నారా? ఎవరన్నా కొడుతున్నారా?" అంటూ హెడ్మాస్టరు రాసిచ్చిన కాగితంలో లేనివన్నీ అడగడం మొదలెట్టాడు. ఒక చిన్నపిల్ల బాత్రూం తలుపుకి గొళ్ళెం లేదంది. "వేయిస్తాను తల్లీ," అన్నాడు. సాయంత్రం సుత్తి పట్టుకుని తనే వేశాడు. ఇక పిల్లలు వరస కట్టారు. ఈయన్నే నిలబెడదాం ఎన్నికల్లో అని స్టాఫ్‌రూంలో మేం పడీపడీ నవ్వుకున్నాం.

చివర్లో కూతురు లేచి, "సార్, మా తరగతులు తీసెయ్యొద్దు. నేను చదువుకోవాలి," అనేది.

ఆయన మీసం సర్దుకుని, "తీసెయ్యం తల్లీ. ఎవడు తీసేస్తాడో నేను చూస్తాగా," అనేవాడు. అలా అన్న ప్రతిసారీ ఇంకాస్త నిటారుగా కూర్చునేవాడు. అది నటన అని మేం మరిచిపోయాం. ఆయనా మరిచిపోయాడని నా అనుమానం.

అసలు మంత్రి పొద్దున రావలసినవాడు మధ్యాహ్నం దిగాడు. అప్పటిదాకా పిల్లలు ఎండలోనే ఉన్నారు. ఆయనేమో బక్కపలచటి మనిషి. ముందు వరసలో ఓ చిన్నది "ఈయన కాదు" అని గట్టిగానే అంది. అటెండరు కూతురు తడబడకుండా అడిగింది. మంత్రి ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, కెమెరాల వైపు తిరిగి, "తీసెయ్యం తల్లీ, నాదీ పూచీ," అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అటెండరు మంచినీళ్ళ ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

ఎండాకాలం సెలవుల్లో తరగతులు ఎత్తేశారు. హెడ్మాస్టరు ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగాడు. "అంత పెద్దాయన మీ బడికొచ్చి మాటన్నారు కదండీ, ఇంకేం కావాలి?" అన్నాట్ట ఒక గుమాస్తా. ఆ గుమాస్తా నా ఎదుటపడి ఉంటే ఏం చేసేదాన్నో. బెంచీలు లారీకెత్తింది అటెండరే. బెంచీలతోపాటు నన్నూ పెద్ద బడికి తోలేశారు. ఆయన పాత బడిలోనే ఉండిపోయాడు. ఆ పిల్ల బడి మానేసింది.

మరుసటేడు మంత్రి పెద్ద బడికీ వస్తానన్నాడు. మా కొత్త హెడ్మిస్ట్రెస్ అటెండరు సంగతి ఎక్కడో విని, రిహార్సల్ కోసం ఒక పూటకి పంపమని అడిగింది. చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చాడు. బొజ్జ తగ్గిపోయింది.

"అమ్మాయి ఎలా ఉంది?" అన్నాను.

"కాజాలు కుడుతోంది టీచరమ్మా. చెయ్యి వేగమని మెచ్చుకుంటున్నారంట."

కుర్చీలో కూర్చున్నాడు. ఓ పిల్ల లేచి, "సార్, మా కాలనీకి బస్సు వేయిస్తారా? లేకపోతే మా ఇంట్లో బడి మాన్పించేస్తారు," అంది. "తప్పకుండా వేయిస్తాం" అనడమే ఆయన పని.

ఆయన కుర్చీలోంచి ఆ పిల్ల వైపు వంగాడు.

"బస్సు రాదమ్మా," అన్నాడు. "ఇంట్లో పోట్లాడు. మీ నాన్న పలక్కుండా కూర్చున్నా సరే, వదిలిపెట్టకు."

"ఏంటయ్యా అది? మంత్రి అట్లా అంటాడా?" అంది హెడ్మిస్ట్రెస్.

"అనడండీ. వేరేవాళ్ళని కూర్చోబెట్టుకోండి," అని లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ కుర్చీలో డ్రిల్లు మాస్టారు కూర్చున్నాడు. ఆ పిల్ల చేత మళ్ళీ అడిగించారు. "తప్పకుండా వేయిస్తాం తల్లీ" అని ఆయన ఖంగుమని చెప్పాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.