అంకుల్ కారులో పట్టే సబ్జెక్టులు

డాక్టరు చదువుకు ముందు మెట్టయిన మొదటి ఏడాదికి నా సబ్జెక్టులను సిలబస్ చూసి ఎంచుకోలేదు, ఈ పరాయి దేశంలో మేముండే మబేలాలో మా పై ఫ్లాటు అంకుల్ కారును చూసి ఎంచుకున్నాను. పొద్దున్నే అల్ ఖువైర్‌కు డ్యూటీకి వెళ్తూ నన్ను కాలేజీ దగ్గర దింపుతానన్నారాయన. అందుకే కెమిస్ట్రీ, బయాలజీ పొద్దుటి క్లాసులకే పెట్టుకున్నాను. మనసుపడ్డ సైకాలజీ సాయంత్రం ఉందని వదిలేశాను.

"ఎంత ఆలోచించి పెట్టుకున్నావో!" అని నా సబ్జెక్టుల ఫారం చూసిన కాలేజీ మేడమ్ మెచ్చుకుంటే సిగ్గులేకుండా తలూపాను.

క్లాసులు మొదలయ్యే ముందురోజు అంకుల్ లడ్డూల డబ్బాతో వచ్చారు.

"నన్ను సెకండ్ షిఫ్ట్‌కు ఇంచార్జ్ చేసిన్రు బిడ్డా! ఇగ పొద్దుగాల లేచే బాధ లేదు. సాయంత్రం క్లాసులుంటే చెప్పు, దింపుత."

నవ్వుతూ లడ్డూ నోట్లో పెట్టుకున్నాను. సైకాలజీలో సీట్లు ఎప్పుడో నిండిపోయాయి.