అనుమానం మావయ్య నమ్మిన స్కానింగు

బాయిలర్ల కర్మాగారంలో ఆయన్ని అందరూ అనుమానం మావయ్య అనేవారు. పైపుల అతుకుల మీద జిగురులాంటి ద్రవం రాసి, చేతియంత్రం ఆనించి, లోపల పగులుందేమో తెరమీద చూడటం ఆయన పని. ముప్పై రెండేళ్లలో ఏ అతుకునూ ఒక్క వైపు నుంచే చూసి సరే అన్న పాపాన పోలేదు. పగులు అడ్డంగా ఉంటే ఒకలా, నిలువుగా ఉంటే ఇంకోలా దాక్కుంటుందని ఆయన వాదన. "ఇటునుంచి కూడా చూద్దాం" అనగానే వెల్డర్లు పళ్లు నూరేవారు.

అలాంటి మనిషి రిటైరైన ఏడాదికి రక్తపరీక్షలో ప్రోస్టేట్ గ్రంథి తాలూకు అంకె ఎక్కువొచ్చింది. డాక్టరమ్మ అల్ట్రాసౌండ్ చేయించింది. తెరమీద ఏ మచ్చా కనబడలేదు. అయినా ఆ గ్రంథిలోంచి సూదితో చిన్న ముక్కలు తీసి చూడాలని చీటీ రాసిచ్చింది. ఆయన ఆ చీటీని తీసుకెళ్లి దుప్పట్ల కింద దాచాడు. ఆ ఇంట్లో దుప్పట్లు మడతపెట్టేది ఎవరో తెలియనట్టు!

అయిదు నెలల తర్వాత అంకె ఇంకా పెరిగింది. భార్య చీటీ తెచ్చి బల్లమీద పెట్టింది.

"స్కానింగులో ఏం లేదన్నారుగా" అని గొణిగాడు.

"పైపుకైతే అన్ని వైపులా చూస్తారు. మీ ఒంటికి ఒక్క వైపు చాలా?"

ఆయన చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. సూదికి కాదు, ఫలితానికి భయపడ్డాడు.

పన్నెండు ముక్కల్లో మూడింట్లో క్యాన్సరు ఉంది.

"కనబడలేదు కదండీ మరి?" అన్నాడు డాక్టరమ్మతో.

"కొన్ని కనబడవు. కనబడనివి చాలావరకు నెమ్మదిగా పెరిగేవే, కానీ అన్నీ అలా ఉండవు. మీది ఊరికే చూస్తూ కూర్చునే రకం కాదు, తీసేద్దాం. గ్రంథి దాటలేదనే అనుకుంటున్నాను. తీశాక గానీ ఖాయంగా చెప్పలేను."

"అయిదు నెలల కిందట వచ్చుంటే?"

"అదీ చెప్పలేనండీ."

బయట బెంచీ మీద కూర్చున్నాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చేతులారా అయిదు నెలలు పోగొట్టుకున్నానే" అన్నాడు.

భార్య ఆయన వైపు చూడకుండానే అంది. "మీ ఒక్కరి వల్లే కాదు. ఆ చీటీ మొదటివారమే నా చేతికొచ్చింది. చదివాను. స్కానింగులో ఏం లేదన్నారుగా అనుకుని, నేనే మళ్లీ అక్కడే పెట్టేశాను."