జయకుమారి ఫొటో కింద రాసిన మాట

అద్దంకికి నాలుగు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో ఎండు మిరపకాయల తొడిమలు తీయడంలో జయకుమారిని మించినవాళ్లు లేరు. ఆవిడ గోరు తగలకముందే కాయ హడలిపోయి తొడిమను తనంతట తనే వదిలేస్తుందని కల్లంలో చెప్పుకునేవాళ్లు. ఒకసారి ఆవిడ జ్వరంతో మూడు రోజులు పడుకుంటే, కుప్పలోని కాయలు ఇంకెవరి చేతికీ లొంగక అలాగే ఎదురు చూశాయట. ఇదంతా నమ్మాలని ఎవరినీ బలవంతపెట్టను. నమ్మాల్సింది ఆవిడ సంతకం సంగతి.

మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివింది జయకుమారి. బుల్లయ్య మేస్త్రి హాజరు పుస్తకం తెరిస్తే పనికొచ్చిన ఆడవాళ్లలో సగం మందివి వేలిముద్రలు, మిగతావి గీతలు. ఆవిడది మాత్రం తీర్చిదిద్దిన పేరు, ఇంటిపేరుతో సహా, చివర ఒక చిన్న మెలిక. సంతకం పెట్టమని ఎవరు ఏ కాగితం ఇచ్చినా ఆవిడ మొహం వెలిగిపోయేది. పక్కవాళ్లు ఫారాలు చదివి పెట్టమని ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. తెలుగైతే చదివేది. ఇంగ్లీషైతే పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఏం లేదు, మామూలేలే" అనేది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం కల్లం దగ్గర తెల్ల కారు ఆగింది. పట్నం నుంచి ఒకమ్మాయి, పెద్ద కెమెరాతో ఒకతను దిగారు. కష్టాల్లో ఉన్న రైతు కుటుంబాల కోసం పనిచేసే సంస్థ తమదన్నారు. అడక్కుండా ఫొటో తీయబోమని చెప్పి, ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమంటూ తలా ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. పక్కన కూర్చున్న కోటేశ్వరికి అక్షరం ముక్క రాదు. "ఇందులో ఏం రాశారో మొత్తం చదివి చెప్పమ్మా, అప్పుడు వేస్తా వేలు" అని భీష్మించింది. ఆ పిల్లకు అంత ఓపిక లేక కాగితం వెనక్కి తీసుకుని జయకుమారి వైపు తిరిగింది. చదువుకున్నదన్న పేరున్న మనిషి నలుగురిలో ఎలా అడుగుతుంది? పైనుంచి కిందికి చూసింది, తలూపింది, మెలిక తిప్పి మరీ సంతకం పెట్టింది.

అప్పుడే గాలి విసిరింది. మిరప ఘాటు కళ్లలో కొట్టి నీళ్లు బొటబొటా కారాయి. దుమ్ము చేరి చర్మం మండుతుందని గాజులు పొద్దున్నే తీసి కొంగున కట్టుకుంది. సువార్త నమ్మిన ఇంటి మనిషి కనక నొసట బొట్టు పుట్టినప్పటి నుంచీ లేదు. కెమెరా అతను వరసగా నొక్కాడు. చూపిస్తే చూసుకుని, ఏడుపు మొహం పడిందే అని జయకుమారి పగలబడి నవ్వింది. ఆ నవ్వును మాత్రం అతను తీయలేదు.

ఆగస్టులో రైతు రామాంజనేయులు ఫోను తెచ్చి జయకుమారి మొగుడు బాలస్వామికి చూపించాడు. బాలస్వామి చేలకు పురుగుమందు కొట్టే మనిషి. ఆయన పంపు మోత వినగానే తెల్లదోమ పొలిమేర దాటేదని పేరు.

"ఏరా బాలస్వామీ, నువ్వు పోయావంటగదరా."

ఫోనులో జయకుమారి కన్నీళ్లతో ఉంది. అద్దంకి వైపు ఒక కౌలు రైతు పురుగుమందు తాగి చనిపోయాడనీ, ఈమె అతని భార్య అనీ, సాయం చేయమనీ ఫొటో కింద రాసి ఉంది.

"అవునండీ, మొన్ననే పూడ్చారు. మీ చేలో ఇంకా రెండెకరాలు మిగిలిందని గుర్తొచ్చి మూడో రోజు లేచొచ్చా" అన్నాడు బాలస్వామి. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ వారమంతా ఊరు నవ్వింది. టీ కొట్టు దగ్గర కీర్తిశేషులు గారొచ్చారని బెంచీ మీద చోటిచ్చేవాళ్లు.

తర్వాత ఆ ఫొటో సంగతి విని ఒక కానిస్టేబుల్ వచ్చాడు. చచ్చిన రైతు ఎవరు, మందు ఎవరి చేలోది అని అడిగి, బతికున్న మనిషిని ఎదురుగా చూసి కూడా నాలుగు పేర్లు రాసుకుని వెళ్లాడు. అందులో రామాంజనేయులు పేరొకటి. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"రేపు మందు ఘాటుకు తల తిరిగి నా చేలో పడ్డావనుకో, నేనే తాగించానంటారు. ఈ ఏడాదికి వద్దులేరా" అన్నాడు.

ఒకరు వద్దంటే పదిమందికి అదే ఆలోచన వచ్చింది. ఊరందరి చేలల్లో పంపులు మోగుతుంటే బాలస్వామి పంపు గోడకు వేలాడింది. టీ కొట్టులో బెంచీ ఖాళీగా ఉన్నా ఆయన వెళ్లడం మానేశాడు. ఆ ఫొటో తీసేయిస్తే తప్ప తన మనిషికి పని దొరకదని జయకుమారికి అర్థమైంది. ఇద్దరూ ఒంగోలు వెళ్లి షాహిస్తా అనే లాయరు ముందు కూర్చున్నారు.

"ముఖం నాదేగా మేడమ్?"

"మీదే."

"మరి నేను వద్దంటే?"

షాహిస్తా చెప్పింది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు జయకుమారికి ఉంది. ఎక్కడైనా, ఎప్పుడైనా, ఏ పనికైనా వాడుకోవచ్చని ఆ కాగితంలో రాసి ఉండొచ్చు. అయినా మనిషి మీద అబద్ధం రాయడానికి ఏ సంతకమూ చాలదు. "ఫొటో తీసుకోమన్నారు గానీ మీ ఆయన్ని చంపమనలేదుగా" అంది. బాలస్వామి చాలా రోజుల తర్వాత చిన్నగా నవ్వాడు.

నోటీసు వెళ్లిన ఇరవై రోజులకు జవాబొచ్చింది. సంస్థవాళ్లు చింతించారు, తమ పేజీలోంచి ఫొటో తీసేశారు. అది కేవలం ప్రతీకాత్మక చిత్రమనీ, ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో మొదటి నుంచీ ఉందనీ రాశారు.

"అంటే ఏంటి మేడమ్?"

"అంటే మీరే అని కాదు, మీలాంటి ఎవరో ఒకరు అని."

"నాలాంటి ఎవరో ఒకరా? అది నేనేగా?"

షాహిస్తా ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు ఎలీషా గారు జయకుమారిని పక్కకు పిలిచి, చెప్పాలా వద్దా అన్నట్టు ఫోను చూపించారు. ఎక్కడిదో తమిళ సంఘం నుంచి వచ్చిన ప్రార్థన మనవి అది. అదే ముఖం, అవే కన్నీళ్లు. తమిళం తెలిసిన వాళ్లతో చదివించారట. ఈసారి చచ్చిన మొగుడి పేరు వేరు, ఊరు వేరు. షాహిస్తాకు ఫోను చేస్తే, చోటు తెలిస్తే ఎవరికైనా నోటీసిద్దాం అంది. ఎన్ని చోట్లుందో మీకేమైనా తెలుసా అని అడిగింది. జయకుమారికి ఎలా తెలుస్తుంది? తన ముఖం తనకంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది.

సెప్టెంబరు చివర్లో బాలస్వామి పంపు గోడ మీంచి దించి గోనెసంచిలో చుట్టాడు. బళ్లారి వైపు మిరప తోటల్లో మందు కొట్టేవాళ్లు కావాలంటున్నారనీ, అక్కడ తనెవరో ఎవరికీ తెలియదనీ చెప్పాడు.

"ఎప్పుడొస్తావు?" అంది జయకుమారి.

"వీళ్లు మర్చిపోయాక."

గోనెసంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

నవంబరులో పత్తి తీతకు పొరుగూరి నుంచి కొత్త కూలీలు వచ్చారు. జయకుమారి పక్క సాలులో ఉన్న ఆడమనిషి కాసేపు ఆవిడ ముఖంలోకి చూసి, పని ఆపి, చెయ్యి పట్టుకుంది. "నిన్ను ఫోనులో చూశానే తల్లీ. ఎంత కష్టం వచ్చిందే నీకు" అంది. జయకుమారి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. మా ఆయన బతికే ఉన్నాడు, బళ్లారిలో ఉన్నాడు, ఆ నీళ్లు మిరప ఘాటుకు కారినవి, బొట్టు మాకు ఆచారం లేదు. ఆ మనిషి ప్రతి మాటకీ తలూపుతూ చెయ్యి నిమిరింది. మొగుడు పోయిన సంగతి ఇంకా మనసుకు ఎక్కని వాళ్లతో ఎలా ఉంటారో అలా, ఎదురు చెప్పకుండా, ఎంతో జాలిగా విన్నది.

సాలు చివరికి చేరేసరికి జయకుమారి చెప్పడం మానేసింది.